స్టేటస్ పెడితే అచ్చయినట్టేనా?

రాత్రి 11.40. కన్ను మూతపడే టైమ్‌కి ఫోన్ టింగుమంది.

"మామా, పండుకున్నవా? వాట్సాప్ స్టేటస్ల పెడితే అచ్చయినట్టేనా?"

మా అక్క బిడ్డ. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. ఆ రోజు ఒక కవితల పోటీకి ఆఖరు తేదీ. ఇంకా 20 నిమిషాలుంది. కవిత రెడీ. హామీపత్రం రెడీ. సంతకం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఎందుకాగిందంటే, ప్రకటనలో ఒక లైనుంది. కవిత అముద్రితమై ఉండాలట, సామాజిక మాధ్యమాల్లో వచ్చి ఉండకూడదట. ఈ పిల్ల రెండు నెలల కింద అదే కవితను స్టేటస్‌లో పెట్టింది. ఎవరి కోసం పెట్టిందో కూడా చెప్పాలి. మా బావ బొంబాయిలో సెంట్రింగ్ పని చేస్తాడు. పాలమూరు నుంచి ఇంటికొకరు చొప్పున పోయిన ఊళ్లు మావి, మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కవిత ఆ బొంబాయి బస్సు గురించే. నాన్న చదవాలని పెట్టింది. ఆయన పొద్దున డ్యూటీ ఎక్కేముందు చూసి, సాయంత్రం దిగినాక మళ్లీ చూసి ఫోన్ చేశాడట: "మంచిగుంది బిడ్డా, బస్సుల కూసునే సీటు గూడ యాది పెట్టుకున్నవ్ గదా!"

మొత్తం 43 మంది చూశారు. 24 గంటల తర్వాత స్టేటస్ దానంతటదే పోయింది. ఇప్పుడు చెప్పండి, ఆ కవిత అచ్చయినట్టా, కానట్టా?

నిజం ఒప్పుకుంటాను. నాకు జవాబు తెలియలేదు. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, రెండు మూడు చోట్ల న్యాయనిర్ణేతగా కూడా కూర్చున్నాను. అయినా తెలియలేదు. "నిర్వాహకులను అడగలేదా?" అన్నాను.

"మధ్యానం ఫోన్ జేసిన మామా. ‘ఏం గాదమ్మా, పంపు’ అన్నరు. నమ్మకం గాలే. మెసేజ్‌ల రాసి అడిగిన. బ్లూ టిక్కులు వడ్డయి గని జవాబు రాలే."

11.56కి వేరే కవిత పంపింది. పదో తరగతిలో బడి బోరింగు గురించి రాసింది. బస్సు కవిత పక్కన పెట్టేసింది. ఎందుకంటే హామీపత్రం మీద సంతకం తనది, దాని కింద పేరు తనది.

మూడు వారాల తర్వాత ఫలితాలొచ్చాయి. తన పేరు లేదు. సరే, పోటీ అన్నాక అందరికీ రావు. కానీ బహుమతి వచ్చిన ఒక కవితను చూసి నాకు స్క్రీన్‌షాట్ పంపింది. అదే కవిత ఎండాకాలంలో ఫేస్‌బుక్‌లో వచ్చింది. లైకులు, కామెంట్లు, షేర్లు అన్నీ ఉన్నాయి.

"కంప్లయింట్ ఇస్తవా?" అని అడిగాను.

"వద్దు మామా. మంచి కవితనే. ఆయన గూడ పోస్టు పెడితే అచ్చయినట్టు గాదనుకున్నడేమో."

ఈ వారం కాలమ్ ఆ ఒక్క మాట గురించే. ఆ కవి మోసం చేశాడని నేననుకోవడం లేదు. నిర్వాహకులు కావాలని చేశారనీ అనుకోవడం లేదు. ఒకే లైనును ఇద్దరు రెండు రకాలుగా చదివారు. గట్టిగా చదివిన మనిషి బయట ఉండిపోయింది. వదులుగా చదివిన మనిషికి శాలువా పడింది. నియమం మసగ్గా ఉంటే నష్టపోయేది ఎప్పుడూ నిజాయితీగా చదివినవాళ్లే.

*‘అముద్రితం’ అంటే ఏంది?*

ఈ మాట పోస్టు డబ్బాల కాలం నాటిది. అప్పుడు లెక్క సులువు. పత్రికలో వచ్చిందా, పుస్తకంలో వచ్చిందా, రేడియోలో చదివారా? ఈ మూడూ కాకపోతే అముద్రితం. ఇప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్, వాట్సాప్ గ్రూపు, స్టేటస్, కాలేజీ నోటీసు బోర్డు, కవి సమ్మేళనం లైవ్... ఇందులో ఏది ముద్రణ?

అసలు ఈ నియమం ఎందుకు పెడతారో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. రెండు కారణాలున్నాయి. ఒకటి, గెలిచిన కవితను మొదట తామే వేయాలని పత్రికకో సంస్థకో ఉంటుంది. రెండు, కవిత ముందే తిరిగితే ఎవరు రాశారో జడ్జికి తెలిసిపోతుంది. రెండూ న్యాయమైన కారణాలే. అయితే నాన్న కోసం పెట్టిన 24 గంటల స్టేటస్ వల్ల ఈ రెంటిలో దేనికి దెబ్బ? నిర్వాహకులు తమ కారణం ఏమిటో ఒక్కసారి తమలో తాము అనుకుంటే చాలు, నియమం దానంతటదే స్పష్టమవుతుంది.

బ్రిటన్‌లో పొయెట్రీ సొసైటీ వాళ్లు 1978 నుంచి నేషనల్ పొయెట్రీ కాంపిటిషన్ నడుపుతున్నారు. కవిత 40 లైన్లు మించకూడదు, శీర్షిక ఆ లెక్కలోకి రాదు అని అక్కడ ముందే రాసి పెడతారు. కవిత కాగితం మీద కవి పేరు ఉండకూడదు. ఇదేమీ పెద్ద విద్య కాదు. ఎవరికి ఏ అనుమానం వస్తుందో ముందే ఊహించి, ఒక లైను ఎక్కువ రాయడం. అంతే.

మన దగ్గర కూడా రాయొచ్చు. ‘వ్యక్తిగత స్టేటస్, కుటుంబ గ్రూపులు పర్వాలేదు, అందరికీ కనిపించే పోస్టు అయితే కుదరదు’ అని. లేదా ‘ఎక్కడ పెట్టినా కుదరదు’ అని. రెండింటిలో ఏదైనా సరే. మనిషి తెలిసి పంపుతాడు, లేదా తెలిసి ఆగుతాడు.

*ఇరవై లైన్లు ఎవరి లైన్లు?*

‘కవిత 20 లైన్లకు మించరాదు.’ చూడ్డానికి ఎంత సాఫీగా ఉంది! ఇప్పుడు మీ ఫోన్‌లో ఏదైనా కవిత తెరిచి చూడండి. స్క్రీన్ చిన్నది, అక్షరం పెద్దది. పొడుగు పాదం విరిగి కిందికొస్తుంది. ఏ4 కాగితం మీద 20 లైన్లున్న కవిత ఫోన్‌లో 27 అవుతుంది. శీర్షిక లెక్కలోకి వస్తుందా? మధ్యలో వదిలిన ఖాళీ లైను? చివర పెట్టిన ‘నాన్నకు’ అన్న అంకితం?

పదాల లెక్క ఇంకా చిక్కు. తెలుగులో సంధి కలిసిందంటే రెండు మాటలు ఒకటైపోతాయి. కంప్యూటర్ ఖాళీలనే లెక్కపెడుతుంది. ‘ఏం చేస్తున్నవ్’ అని విడిచి రాస్తే రెండు, కలిపి రాస్తే ఒకటి. తెలివైనవాడు ఖాళీలు తీసేసి 150 పదాల కవితను 120లో కూర్చేస్తాడు. తెలియనివాడు ఒక చరణమే కోసుకుంటాడు.

అక్షరాల లెక్కయితే మరీ తమాషా. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం. ఫోన్‌కి ఆరు! స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని విడివిడిగా లెక్కేస్తుంది. ‘పాలమూరు’ మనకు నాలుగు, ఫోన్‌కి ఏడు. కాబట్టి అక్షరాల పరిమితి ఉన్న ప్రక్రియలకు యాప్‌లో క్యారెక్టర్ కౌంట్ చూసి భయపడకండి, వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. నానీలనే తీసుకోండి. 1997లో ఎన్.గోపి గారు మొదలుపెట్టిన ప్రక్రియ. ఆయనది మన పక్క నల్గొండ వైపు భువనగిరి. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు అని కొలత చెప్పారు. కొలత అంత స్పష్టంగా ఉండబట్టే ఇంతమంది కొత్తవాళ్లు ధైర్యంగా రాయగలిగారు. నియమం రాసేవాడి కాళ్లకు అడ్డం పడాల్సిన పని లేదు. స్పష్టంగా ఉంటే చేతికర్రలా పనికొస్తుంది.

ఇంకో మాట. ‘కవితలు ఆహ్వానిస్తున్నాం’ అంటారు. వచన కవితా? పద్యమా? గేయమా? పాలమూరులో ఈ ప్రశ్న ఊరికే వచ్చేది కాదు. ఇక్కడ కవిత్వం సగం పాటగానే పుట్టింది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న గారి ‘వల్లంకి తాళం’కు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, అదీ కవిత్వానికే. అయినా ఇప్పటికీ ఒక పిల్లవాడు పాట రాసి పంపితే ‘ఇది కవిత కాదు’ అని పక్కన పడేసే బల్లలున్నాయి. పాట వద్దంటే వద్దని ముందే రాయండి. వాడు వేరే దారి చూసుకుంటాడు.

*ఏ జిల్లా? ఏ తేదీ?*

‘మహబూబ్‌నగర్ జిల్లా కవులకు మాత్రమే.’ ఈ లైను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఏ మహబూబ్‌నగర్? 2016 అక్టోబర్ 11కు ముందున్నదా, తర్వాతదా? ఆ రోజు పాత జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. మక్తల్ పిల్ల పంపొచ్చా? షాద్‌నగర్ పిల్లవాడు? ‘ఉమ్మడి’ అన్న ఒక్క మాట చేరిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

మిగతా సగం ఫోన్లు వలస గురించి. ఇక్కడ పుట్టి భీవండిలో ఉంటున్నవాడు జిల్లా కవా, కాదా? ఇక్కడికి ఉద్యోగానికొచ్చి పదేళ్లుగా ఉంటున్నామె? పుట్టుకనా, నివాసమా, ఆధార్ కార్డు మీది అడ్రసా? వలసల జిల్లాలో ‘స్థానికులు’ అన్న మాట రాసేముందు రెండు నిమిషాలు ఆలోచించాలి. లేకపోతే బస్సెక్కి పోయినవాళ్లందరినీ కవిత్వంలోంచి కూడా పంపేసినట్టవుతుంది.

వయసుదీ ఇదే కథ. ‘35 ఏళ్లలోపు’ అంటారు. ఏ తేదీకి? సాహిత్య అకాడమీ యువ పురస్కారాన్ని చూడండి. 2011 నుంచి ఇస్తున్నారు. 35 ఏళ్లు, అంతకు తక్కువ. ఆ పురస్కార సంవత్సరం జనవరి 1 నాటికి అని లెక్క. తేదీ చెప్పారు, గొడవ లేదు.

ఇక ఆఖరు తేదీ. ‘15వ తేదీలోగా’ అంటే 15 కలుస్తుందా? ‘15 లోపు’ అంటే? ‘15 నాటికి’ అంటే? మన భాషలో మూడు మాటలున్నాయి, మూడింటికీ ఇంటికో అర్థముంది. ఆ పైన ‘చేరాలి’ అన్నారా, ‘పంపాలి’ అన్నారా? పోస్టులో వేసిన తేదీ లెక్కా, అందిన తేదీ లెక్కా? ‘15వ తేదీ రాత్రి 12 వరకు వచ్చిన ఈమెయిళ్లు తీసుకుంటాం’ అని రాస్తే ఒక్క ఫోన్ కూడా రాదు.

*ఫోన్‌లో రాసేవాళ్లకు గడప ఎత్తు*

మీలో చాలామంది కవిత ఫోన్‌లోనే రాస్తారు. బస్సులో, హాస్టల్ మంచం మీద, డ్యూటీ మధ్యలో. ‘యూనికోడ్‌లో పంపండి’ అంటే కంగారుపడి అదేదో కొనాల్సిన ఫాంట్ అనుకునేవాళ్లను చూశాను. కాదు. మీ ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని కొట్టేదంతా యూనికోడే. భయం లేదు. అసలు కష్టం ‘అను ఫాంట్‌లో, పేజ్‌మేకర్ ఫైలు పంపాలి’ అన్నప్పుడు. అది డీటీపీ సెంటర్‌కి పోవాల్సిన పని. పేజీకింత అని అక్కడ ఖర్చు. కవిత రాయడం ఉచితం, పంపడానికి మాత్రం డబ్బులు.

గూగుల్ ఫామ్ పెట్టేవాళ్లకు ఒక మనవి. కవిత పేస్ట్ చేసే చోట ‘షార్ట్ ఆన్సర్’ పెట్టకండి, ‘పారాగ్రాఫ్’ పెట్టండి. షార్ట్ ఆన్సర్‌లో లైన్లన్నీ కలిసిపోయి ఒకటే తోరణమవుతుంది. పాపం, ఆ పిల్లలు ఎక్కడ విరవాలో రాత్రంతా ఆలోచించి ఉంటారు. ‘పాదవిభజన తెలియదు’ అని జడ్జి మార్కులు కోస్తాడు.

నా కథొకటి చెప్తాను. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక పోటీకి కవిత పంపాను. పోస్టల్ ఖర్చు తగ్గుతుందని కాగితానికి రెండువైపులా రాశాను. ఏ కబురూ లేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ పోటీ చూసిన పెద్దాయన ఒకరు చెప్పారు: ‘రెండువైపులా రాసినవి అసలు చదవలేదు నాయనా.’ అచ్చు కూర్చేవాళ్ల సౌకర్యం కోసం ఒకవైపే రాయాలన్నది అప్పటి పద్ధతి. ఆ మాట ప్రకటనలో లేదు. ‘అందరికీ తెలిసిందే కదా’ అన్నారాయన. అందరికీ అంటే ఎవరికి? ముందే లోపలున్నవాళ్లకు. గుట్టుగా ఉన్న నియమం చేసే పని ఇదే. లోపలివాళ్లను లోపలే ఉంచుతుంది, కొత్తవాణ్ని గడప దగ్గరే ఆపేస్తుంది. నేను ఆ తర్వాత మూడేళ్లు కవిత రాయలేదు. నా కవిత బాగాలేదనుకున్నాను. చదవనే లేదని ఎవరూ చెప్పలేదు.

*సంతకం పెట్టే ముందు*

ఇది కొంచెం సీరియస్‌గా చదవండి. చాలా ప్రకటనల అడుగున చిన్న అక్షరాల్లో ‘కవితలపై సర్వహక్కులు నిర్వాహకులవే’ అని ఉంటుంది. గెలిచినవాటి మీదనా, వచ్చిన ప్రతి దాని మీదనా? చెప్పరు.

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం మీరు కవిత రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు. మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. హక్కును వేరేవాళ్లకు రాసివ్వాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఎంత కాలానికో అందులో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. ఇవన్నీ 19వ సెక్షన్‌లో ఉన్నాయి. 57వ సెక్షన్ ఇంకా ముఖ్యం. హక్కు రాసిచ్చినా సరే, ఆ కవిత నాదే అని చెప్పుకునే హక్కు మీకే ఉంటుంది. మీ పరువుకు నష్టం కలిగేలా దాన్ని వంకర చేస్తే అభ్యంతరం చెప్పొచ్చు.

అంటే, పోస్టర్ మీద ఒక లైను వేసినంత మాత్రాన మీ కవిత వాళ్లదైపోదు. కానీ ఆ లైను మీరు సంతకం పెట్టే హామీపత్రంలో ఉంటే సంగతి వేరు. అందుకే పోస్టర్ కంటే ముందు హామీపత్రం చదవండి. ‘ఈ కవితను ఒకసారి సంకలనంలో ప్రచురించుకోవడానికి అనుమతిస్తున్నాను’ అన్నది మంచి వాక్యం. ‘సమస్త హక్కులు శాశ్వతంగా’ అన్నది ఆలోచించాల్సిన వాక్యం.

డబ్బు మాట కూడా. ప్రవేశ రుసుము ఉన్న పోటీలన్నీ మోసం కాదు. హాలు అద్దె, జ్ఞాపికలు, టీ ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి కదా. అయితే రుసుము ఎంత, బహుమతి ఎంత, జడ్జీలు ఎవరు అన్న మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయా చూడండి. అమెరికాలో 1980లు, 90లలో ఒక వ్యాపారం జోరుగా నడిచింది. కవిత పంపడం ఉచితం. పంపిన దాదాపు ప్రతివాళ్లకూ ‘మీరు సెమీఫైనల్‌కు ఎంపికయ్యారు’ అని ఉత్తరం. మీ కవిత ఉన్న లావుపాటి సంకలనం కొనుక్కోండి, 50 డాలర్ల దాకా ధర. కొందరు పరీక్షిద్దామని కావాలనే చెత్త రాసి పంపితే అవీ ఎంపికయ్యాయి! ‘ఎంపికైనవారు కనీసం పది ప్రతులు కొనాలి’ అన్న లైను మీ ప్రకటనలో కనిపిస్తే ఈ కథ గుర్తుచేసుకోండి. అది పోటీ కాదు, పుస్తకాల అమ్మకం. కొనాలనిపిస్తే కొనండి, తప్పు లేదు. కానీ బహుమతి వచ్చిందని అనుకోకండి.

ఈ మధ్య కొత్త లైనొకటి చేరింది: ‘ఏఐ సాయంతో రాసినవి పరిశీలించం.’ మంచిదే. మరి వాయిస్ టైపింగ్? అచ్చుతప్పులు సరిచేయించడం? చదువు రాని నాయనమ్మ పాడుతుంటే మనవడు మాట్లాడించి టైప్ చేస్తే? ఫోన్ అక్షరాలు వేసింది గానీ కవిత ఆమెదే కదా. ఇదీ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

*మన గడ్డ మీద ఇట్ల ఉండేది కాదు*

పాత ముచ్చటొకటి. మన దగ్గర కవిత్వానికి నియమాలు లేకనా? అష్టావధానం కంటే నియమాలున్న ఆట ఎక్కడుంది? గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండితులతో నిండిన కాలం నుంచి ఈ ప్రాంతానికి అది తెలుసు. అందులో నిషిద్ధాక్షరి అని ఒకటుంటుంది. అవధాని పద్యం చెబుతుంటే పృచ్ఛకుడు ‘ఈ అక్షరం వాడొద్దు’ అని అడ్డుపడతాడు. ఎంత కఠినమైన ఆటో చూడండి. కానీ ఒక న్యాయముంది. ఆ నిషేధం సభలో అందరి ముందు, అక్షరం పడకముందే చెప్పాలి. పద్యం పూర్తయ్యాక ‘అరెరె, ఆ అక్షరం వద్దనుకున్నాం’ అంటే సభ ఒప్పుకోదు. మన ఈనాటి పోటీల్లో జరుగుతున్నది సరిగ్గా అదే. కవిత వెళ్లిపోయాక నిషేధం బయటపడుతుంది.

ఇంకొకటి, గద్వాల గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిది. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చింది. ఆయన వాదన పెట్టుకుని కూర్చోలేదు. కవులను వెతికి, పిలిచి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులు! ఒక్క పుస్తకంతో లెక్క తేలిపోయింది.

ఆయన ముందున్న ప్రశ్న ‘ఎవరిని ఎట్లా తీసెయ్యాలి’ అన్నది కాదు, ‘ఎవరు మిగిలిపోయారు’ అన్నది. సంచిక వేరు, పోటీ వేరు, నాకు తెలుసు. పోటీలో వడపోత తప్పదు. కానీ ఆ వడపోత కవిత దగ్గర జరగాలి, మార్జిన్ దగ్గర కాదు. పాలమూరు నుంచి కవితలు పిలిచేవాళ్లు ప్రకటన రాసేముందు ఆ 354 అంకెను ఒక్కసారి తలచుకుంటే బాగుంటుంది.

*పంపేవాళ్లు, పిలిచేవాళ్లు*

పంపేవాళ్లకు:

అనుమానముంటే ఫోన్ కాదు, మెసేజో మెయిలో పెట్టండి. జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఆఖరు రోజు రాత్రి కాదు, వారం ముందే అడగండి. (ఇది మా పిల్లకు కూడా చెప్పాను.)

పోటీకి పంపాలనుకున్న కవితను ఎక్కడా పెట్టకండి. నాన్నకో స్నేహితుడికో చూపించాలంటే విడిగా పంపండి.

కవిత కాపీ, పంపిన తేదీ, హామీపత్రం ఫొటో ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచండి. ఒకే కవితను రెండు పోటీలకు ఒకేసారి పంపితే, ఒకచోట ఎంపిక కాగానే రెండోచోట చెప్పండి. ‘ఇంకెక్కడా పరిశీలనలో ఉండకూడదు’ అని ఉంటే అసలు పంపకండి.

అర్థం కాని హామీపత్రం మీద సంతకం పెట్టకండి.

పిలిచేవాళ్లకు:

ప్రకటన వేసేముందు దాన్ని కవిత్వంతో సంబంధం లేని ఒక డిగ్రీ పిల్లకు చదివించండి. ఆమె ఎన్ని ప్రశ్నలడిగితే అన్ని లైన్లు చేర్చండి. ఏ ప్రక్రియ, ఎన్ని లైన్లు, శీర్షిక కలుస్తుందా, ఎక్కడ పెడితే ప్రచురణ, ఎవరు అర్హులు, ఏ తేదీ ఎన్ని గంటలకు, హక్కులు ఎవరివి, కవిత కాగితం మీద పేరుండాలా వద్దా. ఎనిమిది లైన్లు చాలు. ఎవరో ఒకరు ప్రశ్న అడిగితే జవాబు ఆమెకొక్కదానికే కాదు, గ్రూపులో అందరికీ పెట్టండి. నియమం తప్పిందని ఒక కవితను పక్కన పెడితే ఆ సంగతి ఒక్క మెసేజ్‌లో చెప్పండి. ‘బాగాలేదు’, ‘చదవలేదు’ రెండూ ఒకటి కాదు. ఆ తేడా తెలియక మూడేళ్లు కలం ముట్టనివాణ్ని చెప్తున్నాను.

ఇక ‘న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం’ అన్న లైనుంది చూశారూ, అది ఉండనివ్వండి. ఏది మంచి కవితో తేల్చడం జడ్జి పనే, దాని మీద వాదన అక్కర్లేదు. కానీ నియమానికి అర్థం తేల్చడం కవిత వచ్చాక చేసే పని కాదు.

మొన్న దసరాకు బావ ఊరికొచ్చాడు. మాటల మధ్య పోటీ సంగతి వచ్చింది. బస్సు కవిత ఎందుకు పంపలేదో బిడ్డ చెప్పింది. ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "నేను సూసుడు వట్టి నీ కవిత వోటీకి వోలేదా బిడ్డా?"

ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ ప్రకటన రాసినవాళ్ల దగ్గర ఉండాల్సింది.

ఆ కవితను ఎక్కడైనా వేయమని నేనడగలేదు. తనే చెప్పింది, ఇంకో పోటీ చూసిందట. ఈసారి వారం ముందే మెసేజ్ పెట్టింది: ‘స్టేటస్‌లో పెట్టిన కవిత పంపొచ్చా?’ గంటలో జవాబొచ్చిందట. ‘పంపమ్మా. ఈ ప్రశ్న మేమే రాసి ఉండాల్సింది. ప్రకటనలో చేరుస్తున్నాం.’

బహుమతి వస్తుందో రాదో తెలియదు. కానీ ఈసారి చదువుతారు.